ముఖము కప్పుకొన్న నటులు

మాటనే నమ్ముకొని బ్రతికే రేడియో ఉద్యోగి, మాటను మానివేసిన నటులను గురించి ముచ్చటించబూనడం కొంత విడ్డూరముగా తోచవచ్చు. అయినా నిత్యము నా కంటబడే సంగతి ఒకటి మనవి చేస్తాను. స్టూడియోలో నాటకము జరిగేటప్పుడు గాజుపలక ఇవతల నిలబడి చూడండి. మూటలు మోసే కూలివాని పాత్ర ధరించిన నటుడు మైక్రోఫోను ముందు నడుము వంచి నిలబడతాడు. కోపముతో కొడుకును గెంటివేసే తండ్రి చేయి దానంతట అదే పైకి లేస్తుంది. శ్రోతకు ఇవేవీ కనబడవు. కాని ఆ నటుణ్ణి చేతులు కట్టుకొని నిటారుగా నిలబడమంటే, గొంతులోని బరువు కాస్తా జారిపోతుంది. దేహము ముందు నటిస్తుంది, గొంతు దాని వెంట వస్తుంది.

మనకు ఇది కొత్త సంగతి కాదు. భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధాలుగా విభజించినప్పుడు ఆంగికమునే మొదట చెప్పినాడు. మన కూచిపూడి భాగవతుల ఇండ్లలో పిల్లవానికి సంభాషణ కంటె ముందు అడుగు నేర్పేవారు. ఐరోపాఖండములో మాత్రము ఈ క్రమము చాలా కాలము తలక్రిందులైనది. పందొమ్మిదవ శతాబ్ది చివరకు అక్కడ నటుడంటే చక్కగా పలికేవాడనే అర్థము స్థిరపడినది. మూకాభినయము లేకపోలేదు. పారిస్‌లోని చిన్న నాటకశాలలకు సంభాషణలతో నాటకము ఆడే అనుమతి లేని రోజులలో, ఫ్యునాంబ్యూల్ అనే రంగశాలలో జాఁ గస్పార్ దెబ్యురో అనే నటుడు ముఖానికి తెల్లపూత పూసుకొని మూగ విదూషకుడుగా నగరాన్నంతటినీ ఉర్రూతలూగించినాడు. ఆయన 1846లో మరణించినాడు. అయితే అది ముఖముతోను చేతులతోను సాగే కళ. నడుము, వెన్ను, మెడ, పాదము ఏమి చెప్పగలవో ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

పట్టించుకొన్నవారిలో మొదటివాడు జాక్ కోపో. 1913లో పారిస్‌లో వియ్యూ కొలంబియే అనే చిన్న నాటకశాలను స్థాపించి, రంగస్థలము మీది అట్టహాసాన్ని తీసివేసి, నటుణ్ణి నట్టనడుమ నిలబెట్టిన దర్శకుడు. ఆయనను గురించి ఒక కథ చెబుతారు. ఒకనాడు అభ్యాస సమయములో ఒక నటికి బిడియము వల్ల కాలుచేయి ఆడలేదట. ఎంత బోధించినా ప్రయోజనము లేకపోయినది. కోపో తన చేతిరుమాలు తీసి ఆమె ముఖము మీద కప్పినాడు. ముఖము మరుగుపడేసరికి ఆమె దేహము ఒక్కసారిగా బంధము వీడినది, ముఖము దాచిన భావమును దేహము చెప్పసాగినది. ఆ తర్వాత ఆయన పాఠశాలలో విద్యార్థులకు ముఖము కప్పి అభినయింపజేయడం నిత్యాభ్యాసమైనది. భావమేదీ లేని ఆ ముసుగును అక్కడ గంభీరముఖమని వ్యవహరించేవారు.

ఈ పాఠశాలలో 1923లో ఒక యువకుడు చేరినాడు. పేరు ఎటియన్ డెక్రూ. 1898లో పారిస్‌లో ఒక తాపీమేస్త్రీ ఇంట పుట్టి, కట్టడపు పనిలో, రేవులో, మాంసపు దుకాణములో, ఆసుపత్రిలో, ఎక్కడ కూలి దొరికితే అక్కడ పనిచేసి పెరిగినవాడు. రాజకీయముగా అరాచకవాది. సభలలో ఉపన్యసించాలని ఆయన కోరిక. అందుకు ఉచ్చారణ చక్కబడవలెనని కొంత సొమ్ము కూడబెట్టుకొని నాటక పాఠశాల మెట్లెక్కినాడు. మాట నేర్చుకొనడానికి వచ్చినవాడు మౌనానికి అంకితమైనాడు!

ఆ సంవత్సరము తోటి విద్యార్థులు ముఖాలు కప్పుకొని చేసిన ప్రదర్శనలు ఆయనను కదిలించినవి. జపాను దేశపు నో నాటకము ఒకదానిని 1924లో ఆ పాఠశాలవారు సిద్ధము చేసినారు. ఒక నటుని కాలికి దెబ్బ తగలడం వల్ల బహిరంగ ప్రదర్శన ఆగిపోయినది. తుది అభ్యాసమును చూచిన కొద్దిమందిలో డెక్రూ ఒకడు. అదే సంవత్సరము కోపో నాటకశాలను మూసివేసి, యువనటులను వెంటబెట్టుకొని బుర్గుండీ పల్లెలకు తరలిపోయినాడు. డెక్రూ కొద్ది నెలలు వెంట ఉండి పారిస్‌కు తిరిగి వచ్చినాడు. పాఠశాల పోయినది, చూచిన దృశ్యము మనసులో నిలిచినది.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. ఎవరూ అడగని కళను పెంచదలచినవానికి అన్నము ఎవరు పెడతారు? డెక్రూ దీనికి దొరికిన సమాధానము, కష్టమైనదైనా, నిజాయితీ కలది. పగలు తన ప్రయోగము. సాయంత్రము జీవనోపాధికి మాటల నాటకము. షార్ల్ డ్యూలాఁ నడిపే అతలియే నాటకశాలలో వేషాలు వేసినాడు, సినిమాలలో నటించినాడు. ఆయనకు మంచి కంఠమున్నది. మౌనము కోసము పోరాడేవాడు కంఠము అమ్ముకొని బ్రతకవలసి వచ్చినది. ఈ సంగతి వ్రాస్తున్నప్పుడు మా ఉద్యోగము గుర్తుకు వచ్చి నాకు నవ్వూ వచ్చినది, కొంచెము జాలీ కలిగినది.

1931లో డ్యూలాఁ వద్దకు 21 ఏండ్ల జాఁ లూయీ బారో వచ్చినాడు. డెక్రూకు శిష్యుడు దొరికినాడు. ఇద్దరూ సుమారు రెండేండ్లు పగలనక రేయనక సాధన చేసినారు. నిలబడ్డచోటనే నడుస్తున్నట్లు కనబడే నడక ఆ సాధనలో తయారైనదే. బరువు ఏ పాదము మీద ఉన్నది, మడమ ఎప్పుడు లేవవలె, మోకాలు ఎక్కడ వంగవలె, అని వారాల తరబడి తూచి చూచినారు. తర్వాత లోకములోని ప్రతి మూకాభినయ కళాకారుడు చేసే ఆ నడక వెనుక ఈ ఇద్దరి చెమట ఉన్నది.

డెక్రూ కట్టిన శాస్త్రమును కొంత వివరించవలె. మన సంగీత విద్యార్థి సరళీస్వరాలు సాధన చేసినట్లు, ఆయన విద్యార్థి దేహమును సాధన చేయవలె. తల, మెడ, రొమ్ము, నడుము, కటి, కాళ్ళు: ఒక్కొక్కటి తక్కినవాటి ప్రమేయము లేకుండా కదలవలె. తల మాత్రమే వంగవలె, మెడ కదలరాదు. తర్వాత తలతో మెడ, వాటితో రొమ్ము, ఇట్లా మెట్టు మెట్టుగా క్రిందికి దిగవలె. వంగడం, తిరగడం, జరగడం అని కదలికలను విడదీసినాడు. ప్రతి కదలికకు వేగము, బిగువు, ఆగడం కలిసిన ఒక లయ ఉండవలెనన్నాడు. ముఖము నిర్వికారము; చేతులు చివరకు. ప్రేక్షకుని చూపు మొండెము మీద నిలవవలె. దీనికి శారీరక మూకాభినయము అని పేరు పెట్టినాడు. ముప్పది ఏండ్లపాటు ఇతర కళలన్నిటినీ రంగస్థలము నుండి బహిష్కరిస్తే గాని నటుడు తన కళను తాను తెలుసుకోలేడని ప్రతిపాదించినంత పట్టుదల ఆయనది.

ఆయన కూర్చిన అంశాల పేర్లు చూడండి: వడ్రంగి, బట్టలుతుకుట, కర్మాగారము, వృక్షములు. రాజులు లేరు, రాణులు లేరు. బరువు లాగేవాడు నేలను ఎట్లా తన్నిపట్టి నిలబడతాడో, చిత్రిక పట్టేవాని వెన్నులో బలము ఎక్కడ నుండి బయలుదేరుతుందో ఆయన రేవులోను కట్టడాల దగ్గరను దేహముతో నేర్చుకొన్నాడు. పనిపాటల కాలములో వంటబట్టిన విద్యయే కళకు మూలధనమైనది. నా దృష్టిలో డెక్రూ జీవితములోని అసలైన ఘనత ఇదే.

బారో మాత్రము మాటను వదలలేకపోయినాడు. దేహము, కంఠము, సంగీతము అన్నీ కలిసిన సంపూర్ణ నాటకము ఆయన కల. 1940లో ప్రభుత్వ నాటకశాలయైన కొమెదీ ఫ్రాన్సేజ్‌లో చేరినాడు, 1946లో సతీమణి మదలేన్ రెనోతో కలిసి సొంత సమాజమును స్థాపించినాడు. గురుశిష్యుల దారులు వేరైనవి. అయితే ఆ నడుమ ఒక విచిత్రము జరిగినది. మార్సెల్ కార్నే తీసిన ‘లే జాన్ఫాఁ ద్యు పారది’ అనే చలనచిత్రము 1945లో విడుదలైనది. అందులో పాతకాలపు దెబ్యురోగా బారో నటించగా, అతని తండ్రి వేషము డెక్రూకు దక్కినది. ఏ తెల్లపూత మూకాభినయము నుండి తప్పుకొనడానికి డెక్రూ శ్రమపడినాడో, ఆ కళకు స్మారకముగా నిలిచిన చిత్రములోనే ఆయన ముఖము లోకానికి చిరస్థాయిగా మిగిలినది.

అదే 1945 జూన్ 27న పారిస్‌లో ఆయన బారో, ఎలియాన్ గ్యుయోఁ అనే నటీమణి తోడుగా పెద్ద ప్రదర్శన ఇచ్చినాడు. ఆంగ్ల రంగస్థల సిద్ధాంతకుడు గోర్డన్ క్రెయిగ్ వచ్చి చూచి ఎంతో మెచ్చుకొంటూ వ్యాసము వ్రాసినాడు. అంతటి ప్రశంస పొందినవాడు దానిని సోపానముగా చేసుకొని ఉంటే ఎట్లుండేదో! కాని డెక్రూకు ప్రేక్షకులతో పొత్తు కుదరలేదు. వారు నవ్వాలని గాని, చప్పట్లు కొట్టాలని గాని ఆయన కోరలేదు. ఇంటిలో నలుగురైదుగురి ఎదుట ప్రదర్శించి తృప్తిపడిన రోజులున్నవి. ఆయన వద్ద నేర్చుకొన్న మార్సెల్ మార్సో 1947లో చారల చొక్కా, నలిగిన టోపీ, దాని మీద ఒక పూవు పెట్టుకొని బిప్ అనే పాత్రను సృష్టించి ప్రపంచమంతా తిరిగినాడు. గురువు కాదన్న తెల్లముఖము శిష్యునికి కీర్తి తెచ్చినది. ఇందులో ఎవరిది తప్పు అని తేల్చడం నాకు చేతకాదు. మార్సో లేకుంటే ఆ కళ పేరు సామాన్యులకు తెలిసేది కాదు. డెక్రూ లేకుంటే మార్సోకు వెన్నెముక ఉండేది కాదు.

డెక్రూ 1957లో అమెరికా వెళ్ళి న్యూయార్కులో కొన్నేండ్లు బోధించినాడు. 1960 దశాబ్ది ఆరంభములో తిరిగి వచ్చి, పారిస్ శివారులోని బులోన్ బియాంకూర్‌లో తన చిన్న ఇంటి నేలమాళిగలో పాఠశాల పెట్టినాడు. 1963లో తన ఆలోచనలను పుస్తకముగా ప్రకటించినాడు. ఆ నేలమాళిగకు దేశదేశాల నుండి విద్యార్థులు వచ్చినారు. శుక్రవారము సాయంత్రము ఆయన ఉపన్యాసము. అరాచకవాదులసభలో ఉపన్యసించదలచిన యువకునికి చివరకు దొరికిన సభ అది. ఎనుబది ఏండ్లు దాటినా పాఠము మానలేదు. 1991లో మరణించినాడు.

కోపో చేతిరుమాలు నుండి బయలుదేరిన మరొక దారి చూద్దాము. జాక్ లెకాక్ 1921 డిసెంబరు 15న పారిస్‌లో పుట్టినాడు. రంగస్థలానికి ఆయన వచ్చినది వ్యాయామశాల నుండి. కడ్డీల మీద విన్యాసాలు చేస్తూ, దూకేటప్పుడు దేహము గాలిలో ఎట్లా ఒక గీతను గీస్తుందో గమనించినాడు. యుద్ధకాలములో వ్యాయామోపాధ్యాయుడుగా శిక్షణ పొందినాడు. అవయవాల పట్టు తప్పినవారికి తిరిగి కదలడం నేర్పే పని కూడా చేసినాడు. ఒక అడుగు వేయడానికి మనిషికి ఎన్ని కండరాల సహకారము కావలెనో, అడుగు వేయలేనివాని పక్కన నిలబడి నేర్చుకొన్నంత బాగా మరెక్కడ నేర్చుకొంటాము?

1945లో గ్రెనోబ్ల్ నగరములో జాఁ దాస్తే నడిపే నాటక సమాజములో చేరినాడు. దాస్తే కోపోకు అల్లుడు. గంభీరముఖము ఆ ఇంటి సొత్తు. అట్లా అది లెకాక్ చేతికి వచ్చినది. 1948లో ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయ నాటకశాలవారు ఆహ్వానించగా మూడు నెలల కోసమని బయలుదేరి, ఎనిమిదేండ్లు ఉండిపోయినాడు.

ఆ ఎనిమిదేండ్లే ఆయనకు విశ్వవిద్యాలయము. పాదువాలో అమ్లేతో సర్తోరి అనే శిల్పితో స్నేహము కుదిరినది. ప్రాచీన ఇటలీ జానపద ప్రహసనములైన కొమెదియా దెల్లార్తెలో నటులు తోలుతో చేసిన అరముఖపు ముసుగులు ధరించేవారు. ఆ ముసుగులు చేసే విద్య మరుగునపడినది. కొయ్యతో అచ్చు చెక్కి, తడిపిన తోలును దాని మీద సాగదీసి, సుత్తితో కొట్టి రూపమిచ్చే ఆ పనితనాన్ని సర్తోరి పునరుద్ధరించినాడు. మిలాను నగరములోని పిక్కొలో నాటకశాలలో జోర్జో స్త్రేలర్ దర్శకత్వము వహించిన గోల్దోనీ ప్రహసనములో హార్లెకిన్ వేషము వేసే మార్చెల్లో మొరెత్తి, అట్టముసుగు ఊపిరి సలపనివ్వదని మొదట ముఖానికి నల్లరంగు పూసుకొని ఆడేవాడట. తోలుముఖము వచ్చిన తర్వాత గాని ఆయన మనసు మారలేదు. మన తోలుబొమ్మలవారు మేకతోలును పలుచన చేసి వెలుగు పారేటట్లు చేయడంలో ఎంత నేర్పు ఉన్నదో ఎరిగినవారికి, తోలు కూడా నటిస్తుందంటే ఆశ్చర్యము కలగదు.

లెకాక్, సర్తోరి కలిసి చేసిన ముఖ్యమైన వస్తువు మరొకటి: తటస్థముఖము. నవ్వు లేదు, ఏడుపు లేదు, కోపము లేదు, మూర్ఖత్వమూ లేదు. ఏ భావమూ లేని ముఖమును చెక్కడం కంటె కష్టము శిల్పికి మరొకటి లేదేమో. ఎన్నో నమూనాలు చేసి చేసి గాని అది కుదరలేదు. ముఖానికి అతుక్కొనక కొంత ఎడముగా ఉండవలె. దానిని ధరించినవాడు అబద్ధమాడలేడు. గర్వముతో నడిచేవాని గర్వము, భయపడేవాని భయము, వెనుకకు వాలే అలవాటు, ఒక భుజము ఎత్తే అలవాటు అన్నీ ఒక్కసారిగా బయటపడతవి.

1951లో పిక్కొలో నాటకశాల పాఠశాలను స్థాపించడంలో లెకాక్ పాలుపంచుకొన్నాడు. సిరక్యూసా పురాతన రంగస్థలములో గ్రీకు విషాదాంత నాటకాల బృందగానాలకు కదలికలు కూర్చినాడు. 1953లో దారియో ఫో మిత్రులతో కలిసి ఆడిన వ్యంగ్య ప్రదర్శనకు అభినయ విన్యాసము సమకూర్చినాడు. ఆ ఫో 1997లో నోబెల్ సాహిత్య బహుమానము అందుకొన్నాడు. నటుడుగా, నృత్యకల్పకుడుగా ఇటలీలో లెకాక్‌కు చేతినిండా పని ఉన్నది. అది వదలి 1956లో, సర్తోరి బహూకరించిన తోలుముఖాలు పెట్టెలో పెట్టుకొని పారిస్‌కు తిరిగి వచ్చినాడు. డిసెంబరు 5న సొంత పాఠశాల ప్రారంభించినాడు. కొంతకాలము ఇతరుల నాటకాలకు పనిచేస్తూనే పాఠశాల నడిపి, చివరకు బోధనకే అంకితమైనాడు.

ఆయన పద్ధతి డెక్రూ పద్ధతికి ఎదురు. స్వరాలవంటి మెట్లు లేవు, ఇట్లా చేయవలెనని చూపడము లేదు. విద్యార్థి చేస్తాడు, గురువు కాదంటాడు. ఏది కాదో చెబుతాడు గాని ఏది ఔనో చెప్పడు. తటస్థముఖము ధరించి తొలిసారి మేల్కొన్నవానివలె లోకాన్ని చూడమంటాడు. సముద్రము నుండి బయలుదేరి, అడవి దాటి, కొండ ఎక్కి, నది దాటి, ఎడారికి చేరే ప్రయాణము చేయమంటాడు. గదిలో ఇవేవీ ఉండవు. తర్వాత నీరుగా, నిప్పుగా, గాలిగా, మట్టిగా మారవలె. జంతువులు, రంగులు, పదార్థాలు కూడా పాఠాలే. ఇవన్నీ దాటిన తర్వాత గాని విషాదము, ప్రహసనము, విదూషకత్వము వంటి నాటకరీతులు రావు. మొదటి సంవత్సరము పూర్తిచేసిన వారందరికీ రెండవ సంవత్సరములో చోటు దొరికేది కాదు.

విదూషకుని పాఠము ఎట్లా పుట్టినదో ఆయనే చెప్పినాడు. విద్యార్థులను వలయముగా కూర్చుండబెట్టి, ఒక్కొక్కరు లేచి మమ్ములను నవ్వించండి అన్నాడట. ఒకడు మొగ్గలు వేసినాడు, ఒకడు చేష్టలు చేసినాడు, ఒకడు ఛలోక్తులు విసిరినాడు. ఎవరూ నవ్వలేదు. ఓడిపోయి, సిగ్గుపడి, విసుగుతో తమ చోట్లకు తిరిగి వెళ్ళుచుంటే అందరూ నవ్వినారు. తన చేతకానితనము దాచలేని క్షణమున మనిషి విదూషకుడౌతాడని లెకాక్ గ్రహించినాడు. ఆ ఎర్రని ముక్కును లోకములోకెల్ల చిన్న ముసుగు అని ఆయన పిలిచేవాడు.

1968 మే నెలలో పారిస్ విద్యార్థులు తిరుగబడినప్పుడు ఈ పాఠశాలకూ ఆ గాలి తగిలినది. మమ్ములను మేము నేర్చుకొననివ్వండి అన్నారు విద్యార్థులు. తక్కిన గురువులు ఏమి చేసేవారో గాని, లెకాక్ ఆ కోరికను పాఠ్యక్రమములో చేర్చినాడు. విద్యార్థులు గుంపులుగా ఏర్పడి, గురువు లేకుండా ఒక అంశము తయారు చేసి, వారానికొకసారి అందరి ఎదుట ప్రదర్శించవలె. ఈ స్వయంపాఠము తర్వాత ఆ పాఠశాలకు ప్రాణమైనది. అదే 1968 నుండి రెండు దశాబ్దులు వాస్తుశిల్ప విద్యార్థులకు కూడా ఆయన బోధించినాడు. గోడకూ మనిషికీ నడుమ ఉన్న సంబంధము ఆయనకు నాటకమే.

ఇరువది ఏండ్లు ఒకచోటు నుండి మరొకచోటుకు మారిన పాఠశాలకు 1976లో ఫోబూర్ సాఁ దెనీ వీధిలో స్థిరనివాసము దొరికినది. ఒకప్పుడు అది ముష్టియుద్ధాల వ్యాయామశాల. క్రీడారంగము నుండి వచ్చినవానికి తగిన ఇల్లే. ఆరియాన్ మ్నూష్కిన్, ఆంగ్ల నటుడు సైమన్ మెక్‌బర్నీ, విదూషక విద్యలో తర్వాత సొంత పాఠశాల నెలకొల్పిన ఫిలిప్ గోలియే ఆయన విద్యార్థులే. ఒకరి నాటకము మరొకరి నాటకమువలె ఉండదు. డెక్రూ శిష్యుణ్ణి వేదిక మీద దూరము నుండే గుర్తుపట్టవచ్చునంటారు. లెకాక్ శిష్యుణ్ణి గుర్తుపట్టడం కష్టము. ఒక గురువు తన చేతివ్రాతను శిష్యుని దేహము మీద వ్రాసి వెళ్ళినాడు, ఇంకొకడు కాగితము తుడిచి తెల్లగా ఇచ్చినాడు. నాకు డెక్రూ మీద గౌరవము ఎక్కువ. నా బిడ్డను పంపవలసివస్తే మాత్రము లెకాక్ వద్దకు పంపేవాణ్ణి.

నలుబది ఏండ్లు బోధించి గాని లెకాక్ తన పద్ధతిని గురించి సమగ్రమైన గ్రంథము వ్రాయలేదు. అది 1997లో వెలువడినది. 1999 జనవరి 19న ఆయన కన్నుమూసినాడు. శిల్పి అమ్లేతో సర్తోరి అంతకు ఎంతో ముందే, 1962లో మరణించినాడు. కొయ్య అచ్చులు, సుత్తులు కుమారుడు దొనాతో చేతికి వచ్చినవి. తండ్రి వదలిన చోటు నుండి అతడు తోలు కొట్టడం మొదలుపెట్టినాడు.